సెల్యులార్ జైలు: నాన్నను తీసుకెళ్తున్నా. ఓడా, విమానమా? జైలుకు ఎంతసేపు పెట్టుకోవాలి?

సిక్కోలు_సీను
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసింది లేదు. ఇదే మొదటి పోస్టు.

మా నాన్నకు 68 ఏళ్లు. వడ్రంగి. ఇప్పటికీ ఖాళీగా కూర్చోమంటే కోపం. ఆయన మేనమామ ఒకాయన కుర్రతనంలోనే విశాఖలో ఓడెక్కి అండమాన్ వెళ్లిపోయి, అక్కడ కలప మిల్లులో కుదిరాడట. కొన్నేళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత లేవు. అప్పటినుంచి మా ఇంట్లో అండమాన్ అనరు, కాలాపానీ అనే అంటారు. ఆయన్ని ఏదో నేరానికి పట్టుకుపోయినట్టు!

ఈ డిసెంబరులో నాన్నను తీసుకెళ్దామని ఉంది. మామయ్య దొరుకుతాడని కాదు, ఉన్నా తొంభై దాటుంటాయి. ఆ జైలు, ఆ మిల్లు చూడాలని ఆయన కోరిక. ఓడలో వెళ్తే ఆయన తట్టుకోగలడా? జైల్లో మెట్లు ఎక్కువా? ప్యాకేజీ వాళ్లు జైలుకు ఒక గంట ఇస్తామంటున్నారు. సరిపోతుందా?

బాటసారి_66
సీను గారూ, స్వాగతం. నేను రెండుసార్లు వెళ్లాను, ఒకసారి ఓడ, ఒకసారి విమానం.

ఓడ సంగతి ముందు. విశాఖ నుంచి రెండున్నర రోజులు పడుతుంది. రోజూ ఉండదు, నెలకు ఒకటో రెండో. తేదీ కూడా ఆఖర్లో మారొచ్చు. బంక్ క్లాసు చవకే కానీ కింది అంతస్తులో ఊపిరాడనట్టు ఉంటుంది, పెద్దాయనతో అయితే క్యాబిన్ తీసుకోండి. తీరం దాటిన కాసేపటికి ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. క్యాంటీన్‌లో అన్నం, పప్పు దొరుకుతాయి, రుచి గురించి అడక్కండి. మొదటి రోజు కడుపులో తిప్పుతుంది. మాత్రలు ఓడెక్కాక కాదు, ముందే వేసుకోవాలి. నిమ్మకాయలు, ఊరగాయ, అటుకులు దగ్గర పెట్టుకోండి. నా మాట వింటే వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం. ఆ రెండో రోజు చుట్టూ నీళ్లు తప్ప ఏమీ కనపడనప్పుడే "ద్వీపాంతరం" అన్న మాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. ఆనాటి ఖైదీలు ఇదే సముద్రం బేడీలతో దాటారు.

జైలుకు గంట చాలదు. పొద్దున తలుపులు తీయగానే వెళ్లండి, మధ్యాహ్నం భోజనాల వేళ మూస్తారు. సెలవు రోజు ఏదో ముందే కనుక్కోండి. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షోకి మళ్లీ రండి. మూడంతస్తులు, పై డాబా దాకా మెట్లే. మోకాళ్లు బాగుంటే ఫరవాలేదు. ఇంకో మాట, అక్కడ గడియారం మనదే కానీ సూర్యుడు మనవాడు కాదు. డిసెంబరులో ఐదింటికే పొద్దుగూకుతుంది. మన అలవాటుకొద్దీ నాలుగింటికి టీ తాగి బయలుదేరితే అంతే.

వన్‌డే_ట్రిప్
నేను వేరేలా చెప్తా, ఏమీ అనుకోకండి. జైలుకు ముప్పావు గంట ఎక్కువే. ఖాళీ గదులు, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక గది చూస్తే ఏడొందలూ చూసినట్టే. మేం ఫోటోలు తీసుకుని వెంటనే నార్త్ బేకి పోయాం, అక్కడ పగడాలు చూడొచ్చు. పెద్దాయన్ని ఎండలో నిలబెట్టి గోడలు చూపిస్తే ఏం వస్తుంది?

బాటసారి_66
అన్నీ ఒకేలా ఉన్నాయంటే కట్టినవాడు గెలిచాడన్నమాట.

మధ్యలో గోపురం లాంటి కావలి బురుజు, దాని నుంచి సైకిలు చక్రం పుల్లల్లా ఏడు విభాగాలు. ఒక్కో విభాగంలో మూడంతస్తుల గదులు. ఒక విభాగం గదుల ముఖం ఎదుటి విభాగం వీపును చూస్తుంది. అంటే తలుపు దగ్గర నిలబడి ఎంత తొంగి చూసినా ఎదుట గోడే, మరో మనిషి ముఖం కనపడదు. వెనక గోడకు పదడుగుల ఎత్తున ఒక చిన్న కిటికీ. గుంపుగా పడుకునే బ్యారక్ ఒక్కటీ లేదు, అన్నీ ఒంటి గదులే. సెల్ అంటే గది, అందుకే సెల్యులార్ అన్న పేరు. చుట్టూ సముద్రమే, కానీ గదిలో ఉన్నవాడికి సముద్రం కనపడదు. మీరు డాబా ఎక్కి రాస్ ద్వీపం వైపు ఫోటో తీశారు కదా, ఆ దృశ్యం ఖైదీది కాదు, కాపలావాడిది.

వన్‌డే_ట్రిప్
సరే సార్, మార్కులు మీకే. కానీ ఇది నాకు అక్కడ ఎవరూ చెప్పలేదు. గైడు "ఇది సావర్కర్ గది, ఇది ఉరికొయ్య, ఇది గానుగ, పదండి" అన్నాడు.

కోఠి_కుర్రోడు
మేము పోయినేడు పోయినం. మా గైడ్ ఒక ముచ్చట చెప్పిండు, మస్తు గర్వమనిపించింది. ఆ జైలుకు మొట్టమొదటి ఖైదీ మన హైదరాబాద్ మౌల్వీ అల్లావుద్దీన్ అట. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠి రెసిడెన్సీ మీదికి దండెత్తినాయన. నేను చదువుకున్నది ఆ పక్కనే, మా అక్క అదే బిల్డింగ్‌లో మహిళా కాలేజీలో చదివింది. గని ఏ గదిలో ఉంచిండ్రో అడిగితే గైడ్‌కి తెల్వదు. ఎవరికన్నా తెలుసా?

పాతకాగితాలు
గది తెలియకపోవడంలో గైడు తప్పులేదు తమ్ముడూ, ఆయన ఏ గదిలోనూ లేరు. మౌల్వీ అల్లావుద్దీన్‌ని అండమాన్ పంపింది నిజం, 1859లో. కానీ సెల్యులార్ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. ఆయన అంతకుముందే అక్కడే కన్నుమూశారు.

ఈ గందరగోళం చాలామందికి ఉంది, కాబట్టి కాస్త విడమరుస్తాను. 1857 తిరుగుబాటు అణచివేశాక, 1858 మార్చిలో జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో అక్కడ దిగాడు. అప్పుడు జైలు లేదు. దీవే జైలు. అడవి నరకడం, చిత్తడి పూడ్చడం, బంగళాలు కట్టడం ఖైదీల పని. తప్పించుకుంటే అడవిలో అండమానీయుల, అంటే ఆ దీవుల ఆదివాసుల బాణాలు, లేదంటే సముద్రం. దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ 1858లో పారిపోయి, బాణాల నుంచి బతికి బయటపడి, అండమానీయులతోనే ఏడాది పాటు కలిసి ఉన్నాడు. వాళ్లు బ్రిటిష్ శిబిరం మీద దాడికి సిద్ధమవుతుంటే తిరిగొచ్చి ఆ కబురు దొరలకు అందించాడు. 1859 మే 17న అక్కడి అబర్డీన్ దగ్గర జరిగిన పోరులో అండమానీయులు దెబ్బతిన్నారు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. ఆ దీవులు ఎవరివో వాళ్ల కథ ఏ లైట్ షోలోనూ వినపడదు, అది నా ఫిర్యాదు.

జైలు లేని ఆ రోజుల్లో గట్టి నేరస్తులను వైపర్ ద్వీపంలో గొలుసులతో ఉంచేవారు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయోను పొడిచి చంపిన షేర్ అలీ అఫ్రీదీని ఉరితీసింది అక్కడే. అవకాశముంటే వైపర్ కూడా చూడండి. చిన్న గుట్ట మీద ఎర్రటి ఉరి మండపం, కింద శిథిలాలు. జనం తక్కువ.

కోఠి_కుర్రోడు
అంటే ఆయన గది కోసం మూడు అంతస్తులు ఉత్తగనే తిరిగినన్నమాట 😀 థాంక్స్ అన్నా. గని మంచిదే అయింది, అందుకే అన్ని గదులు చూసిన.

లంబసింగి_చలి
మన తెలుగువాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అక్కడ? మా మన్యం నుంచి అల్లూరి దళంలో వాళ్లని పంపారని మా పెద్దలు అనేవారు.

పాతకాగితాలు
ఉన్నారు. గాం మల్లుదొర. అల్లూరి అనుచరుడు గంటందొర తమ్ముడు. 1924లో రాజు, గంటందొర ఇద్దరూ పోయారు. మల్లుదొర అంతకుముందే పట్టుబడ్డారు. మొదట ఉరిశిక్ష, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. తిరిగొచ్చిన మనిషి 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు గెలిచారు. అండమాన్ జైలు నుంచి పార్లమెంటు దాకా నడిచిన మన్యం మనిషి, మన పాఠ్యపుస్తకంలో ఒక పేరాకు కూడా నోచుకోలేదు.

1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి గారు కూడా అక్కడికి వెళ్లినవారే. ఆ ఇంటిపేరు చూసి దొరలు ఏమనుకున్నారో!

వన్‌డే_ట్రిప్
సావర్కర్ క్షమాపణ లేఖల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఎయిర్‌పోర్టు పేరు కూడా ఆయనదే కదా.

మోడరేటర్
ఈ దారంలో ఆ చర్చ వద్దు. ఇంతకుముందు మూడుసార్లు మూసేశాం. నిర్వివాదమైనవి ఇవి: 1911లో వచ్చారు, రెండు యావజ్జీవాలు కలిపి 50 ఏళ్ల శిక్ష, అన్న గణేశ్ అంతకుముందే అదే జైల్లో ఉన్నారు, విడుదల కోరుతూ అర్జీలు పెట్టారు, 1921లో ఇద్దరినీ ప్రధాన భూభాగానికి తరలించారు. వాటి అర్థం మీద వాదులాట చరిత్ర విభాగంలో. ఇక్కడ ప్రయాణం గురించి.

జంగ్లీఘాట్_అమ్మాయి
ఇప్పుడే చూశా ఈ దారం. నేను అక్కడి దాన్నే. మా తాతయ్యవాళ్లు శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఊరి నుంచి చేపల వేటకు వచ్చి ఉండిపోయారు. సీను అన్నయ్యా, భాష గురించి దిగులొద్దు. 2011 లెక్కల్లో అండమాన్‌లో వందలో పదమూడు మంది తెలుగువాళ్లే. జంగ్లీఘాట్‌లో చేపల దగ్గర నిలబడితే మీ యాసే వినపడుతుంది. తెలుగు మీడియం బడులు ఉన్నాయి. 2024 నుంచి ఊరి పేరు శ్రీ విజయపురం, మేం మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటాం, ఆటోవాళ్లు కూడా.

మీరంతా జైలును చూడ్డానికి వెళ్తారు. నేను అక్కడే పుట్టాను. నిజంగానే. ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. 1941 భూకంపం, ఆ వెంటనే జపాన్ వాళ్ల ఆక్రమణ, తర్వాత కూల్చివేతలు. కూల్చిన చోట 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి పెట్టారు. మా అమ్మ కాన్పు అక్కడే. చిన్నప్పుడు జ్వరమొస్తే "జైలుకెళ్దాం పద" అనేది నాన్నమ్మ. మిగతా విభాగాలు కూడా పోవాల్సినవే, అక్కడ ఖైదు చేసి బతికొచ్చినవాళ్లు పట్టుబట్టి ఆపించారు. 1979 ఫిబ్రవరి 11న మొరార్జీ దేశాయ్ ప్రధానిగా వచ్చి జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఒక్కటి అడుగుతా. 1942 నుంచి 45 వరకు జపాన్ వాళ్లు ఉన్నప్పుడు అదే జైల్లో ఊరివాళ్లని, మామూలు జనాన్ని, గూఢచారులని చెప్పి చిత్రహింసలు పెట్టారు. డాక్టర్ దీవాన్ సింగ్ అలాగే చనిపోయారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చేశారు. టూరిస్టులు దీని గురించి అడగరు. మా ఊళ్లో ముసలివాళ్లకు జైలంటే ముందు గుర్తొచ్చేది అదే.

మీ మామయ్య పనిచేసిన మిల్లు చాథం అయి ఉంటుంది. 1883 నాటిది. ఊరికి ఆనుకున్న చిన్న దీవి, వంతెన మీదుగా ఆటోలో వెళ్లొచ్చు. ఆదివారం పెట్టుకోకండి.

సిక్కోలు_సీను
చాథం! అదే, అదే. నాన్న "సాతాం" అనేవాడు, నేను ఊరి పేరు అనుకున్నా. చెల్లీ, మీకు చాలా థాంక్స్. టికెట్లు చూస్తున్నా.

లంబసింగి_చలి
సీను గారూ, వెళ్లొచ్చాక తప్పకుండా రాయండి. ఇక్కడ అందరూ అడుగుతారు, వెళ్లొచ్చాక ఒక్కరూ రాయరు.

బాటసారి_66
ఇంకో రెండు మాటలు, మర్చిపోయేలోపు. గానుగ దగ్గర ఊరికే బొమ్మ చూసి వెళ్లకండి. ఎద్దు తిరగాల్సిన చోట మనిషిని కట్టారు. రోజుకు ముప్పై పౌన్లు కొబ్బరినూనె తీయాలి, అంటే పదమూడున్నర కిలోలు. మన ఊళ్లో గానుగ చూసినవాళ్లకు ఆ లెక్క అర్థమవుతుంది. తక్కువైతే బేడీలు, గోనెపట్టా బట్టలు, కొరడా.

జైలు ఎదురుగా పార్కులో విగ్రహాలున్నాయి, అక్కడ జనం ఐస్‌క్రీం తింటుంటారు. అందులో మహావీర్ సింగ్, మోహన్ కిషోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ముగ్గురూ 1933 మే నిరాహారదీక్షలో పోయినవాళ్లు. ఆకలితో కాదు. ముక్కులోంచి గొట్టంతో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి. ఆ దీక్ష తర్వాతే గదుల్లోకి దీపం, చదువుకోవడానికి పుస్తకాలు వచ్చాయి. 1937లో మళ్లీ దీక్ష చేస్తే అందరినీ వెనక్కి పంపడం మొదలైంది.

సిక్కోలు_సీను
(ఏడు వారాల తర్వాత)

లంబసింగి గారు తిట్టకముందే రాసేస్తున్నా.

వెళ్లేటప్పుడు ఓడ. రెండుసార్లు తేదీ మారింది. మొదటి రోజంతా నేను బకెట్ పట్టుకుని పడుకున్నా, నాన్నకు ఏమీ కాలేదు. పైగా క్యాబిన్ తలుపు సరిగా పడటం లేదని చాకుతో సన్నంగా చెక్కి సరిచేశాడు. రెండో రోజు సాయంత్రం డెక్ మీద నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. "మావఁ ఇంత దూరం ఒచ్చీసినాడా" అన్నాడు, అంతే.

ప్యాకేజీ వద్దనుకున్నా కానీ షో టికెట్ల కోసం ఒక ఏజెంటును నమ్మి మోసపోయా. డబ్బు తీసుకుని, ఆఖరికి హిందీ షో బదులు ఇంగ్లీషు షోలో కూర్చోబెట్టాడు. నాన్నకు రెండూ రావు కాబట్టి తేడా లేదు. షోలో కథ చెప్పేది రావిచెట్టు అని నేను చెవిలో చెప్తూ ఉన్నా.

జైలుకు పొద్దున్నే వెళ్లాం. నాన్న సావర్కర్ గది దగ్గర గుంపు చూసి అటు రాలేదు. కింది వరసలో ఎవరూ లేని ఒక గదిలోకి వెళ్లి మూరలతో కొలిచాడు. పొడుగు పదమూడు అడుగుల పైన, వెడల్పు ఏడు అడుగుల పైన. తర్వాత తలుపు పట్టుకున్నాడు. నేనేమో బయట ఫోటోలు తీస్తున్నా. పిలిచాడు. "గడియ ఏది, సూడు" అన్నాడు. తలుపు మీద లేదు. తలుపు నుంచి పొడుగాటి ఇనప కడ్డీ పక్క గోడలోకి వెళ్తుంది. గోడను లోపలికి తొలిచి, ఆ గూట్లో తాళం. నాన్న లోపల నిలబడి తలుపు మూయించుకుని, చువ్వల్లోంచి చెయ్యి భుజం దాకా బయట పెట్టి తడిమాడు. అందలేదు. చెయ్యి మార్చాడు. అందలేదు. చెంప చువ్వలకు ఆనించి ఇంకా చాపాడు. వెనకాల ఒక కుటుంబం నవ్వింది. ఆయన పట్టించుకోలేదు.

బయటికొచ్చి చెయ్యి దులుపుకుని "ఈ గడియ ఏసినోడు పని తెలిసినోడురా. మనిసి సెయ్యి ఎంత దూరం సాగుద్దో కొలిసి మరీ ఏసినాడు" అన్నాడు. ఆ కట్టుబడి చేసిందంతా ఖైదీలేనని గైడ్ పుస్తకంలో ఉంది నాన్నా అన్నా. చాలాసేపు ఆ కడ్డీనే చూశాడు. "అయితే ఆడిక్కూడా అందదని తెలుసు కదా" అన్నాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం, మూసేస్తున్నామని పంపించేశారు.

మర్నాడు చాథం. అక్కడ నాన్న వేరే మనిషి. పడౌక్ కలప, ఎర్రగా, కోసిన చోట మెరుస్తూ. ఒక ముక్క చేతికిస్తే వాసన చూసి, గోటితో గీసి, వదలబుద్ధి కాక ఇచ్చేశాడు. యుద్ధంలో బాంబు పడ్డ గొయ్యి ఉంది, దాని ముందు నిలబెట్టి ఫోటో తీశా. జంగ్లీఘాట్ చెల్లి చెప్పినట్టు తెలుగువాళ్లు దొరికారు. రిటైరైన ఒకాయనను అడిగాం. ఆ పేరుతో ఇద్దరు ముగ్గురు ఉండేవారు, ఏ ఊరో గుర్తులేదన్నాడు. టీ ఇప్పించాడు. అంతకుమించి ఏమీ తెలియలేదు.

జంగ్లీఘాట్_అమ్మాయి
అయ్యో, చెప్పుంటే మా ఇంటికి భోజనానికి వచ్చేవారు కదా అన్నయ్యా! మిల్లులో పాతవాళ్లు ఇంకొందరు ఉన్నారు, పేరు, ఊరు నాకు మెసేజ్‌లో పంపండి. మా నాన్నతో అడిగిస్తా.

సిక్కోలు_సీను
పంపించా చెల్లీ. నాన్నకు చెప్తే మళ్లీ ఓడ ఎప్పుడుందో చూడమంటున్నాడు, అదే భయం.

కోఠి_కుర్రోడు
నాయన సూపర్ అన్నా. నేను మూడంతస్తులు తిరిగిన గని ఆ గడియ సంగతి చూడలే.

వన్‌డే_ట్రిప్
నేనూ చూడలేదు. నా ఫోటోలన్నీ ఇప్పుడు తిరగేశా. నలభై ఉన్నాయి, అన్నిట్లో మేమే ఉన్నాం, తలుపు సగం సగం. సీను గారూ, ఆ గూడు తలుపుకు ఎంత దూరంలో ఉంది? మీ దగ్గర ఫోటో ఉంటే పెట్టగలరా?

సిక్కోలు_సీను
నా ఫోటోల్లోనూ సరిగా పడలేదండి. నాన్న చీటీ మీద గీసుకున్నాడు, కొలతలతో సహా. రేపు ఆయన పనికి వెళ్లేలోపు ఫోటో తీసి పెడతా.